నిండు నెలల్లో నాట్లు: ఇబ్రహీంపట్నం తల్లుల శ్రమ చరిత్ర

1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం గర్భిణుల వ్యాయామానికి నియమాలు రాసింది. గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదు. ఒళ్లు అలిసే వ్యాయామం ఏదైనా 15 నిమిషాలు దాటకూడదు. అప్పటికి అక్కడ ఏరోబిక్స్ జోరు మీదుంది. సినీనటి జేన్ ఫోండా పేరు మీద గర్భిణుల కోసమే ఒక వ్యాయామ పుస్తకం కూడా వచ్చేసింది. కడుపుతో ఉన్న మనిషి ఎగిరి గంతులేస్తే లోపలి బిడ్డకు ఏమవుతుందోనన్న బెంగలోంచి పుట్టిన నియమాలవి.

ఆ కాలంలోనే, హైదరాబాద్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మడుల్లో, ఏడో నెల, ఎనిమిదో నెల మోస్తూ నాట్లేసే కూలి ఆడవాళ్లు ఉన్నారు. పొద్దున మడిలో దిగితే పొద్దుగూకేటప్పుడే గట్టెక్కేవాళ్లు. వాళ్ల గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టిన వాళ్లెవరూ లేరు.

గర్భిణి కదలాలా, కూర్చోవాలా అన్నది వైద్య ప్రపంచంలో వందేళ్లుగా నడుస్తున్న చర్చ. ఇబ్రహీంపట్నం లాంటి చోట మాత్రం ఆడవాళ్లు కదలని రోజంటూ లేదు. అక్కడ తేలాల్సిన సంగతులు వేరు. ఆగాలనిపించినప్పుడు ఆగే వీలు ఎవరికి ఉంది? ఆ శ్రమకు సరిపడా తిండి ఎవరు పెట్టారు? కాన్పయిన ఎన్నో రోజున మళ్లీ పనికి పిలుపొచ్చింది? ఈ ప్రాంతపు తల్లుల చరిత్ర మొత్తం ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది.

చెరువు కింది ఊళ్లు

ఇబ్రహీంపట్నానికి పేరూ నీరూ ఒకే రాజు కాలం నుంచి వచ్చాయి. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో ఇక్కడి పెద్ద చెరువు కట్టారు. హుస్సేన్‌సాగర్ కూడా ఆయన కాలానిదే. చెరువు నీళ్లు పారినంత మేర వరి. నీళ్లు అందని ఎర్ర చెల్కల్లో జొన్న, ఆముదం, కంది. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఈ తాలూకా అందులో చేరింది. రాజధానికి ఇంత దగ్గరున్నా, వానకూ కూలికీ ఎదురుచూసే మెట్ట ప్రాంతంగానే చాలాకాలం మిగిలిపోయింది.

దుక్కి మగవాళ్లది, నాటు ఆడవాళ్లది. కలుపూ ఆడవాళ్లదే. నాటు పనిని దగ్గర్నుంచి చూస్తే అందులోని శ్రమ తెలుస్తుంది. నాటేసే మనిషి నారు కట్ట విప్పి ఎడమ చేతిలో పట్టుకుంటుంది. కుడి చేతి వేళ్లతో రెండు మూడు మొక్కలు విడదీసి, బొటనవేలితో వేళ్ల దాకా బురదలోకి దిగేస్తుంది. ఆ చేయి బురదలోంచి పైకొచ్చేలోపే ఎడమ చేయి తర్వాతి మొక్కలు సిద్ధం చేస్తుంది. పిక్కల దాకా బురద. ప్రతి అడుగూ వెనక్కే. నడుము మాత్రం వంగింది వంగినట్టే ఉంటుంది. వరుసలో అందరూ ఒకే వేగంతో జరగాలి. ఒక్కరు వెనకబడితే మునుం చెడుతుంది, పక్కవాళ్లు అరుస్తారు, మేస్త్రీ చూస్తాడు.

ఎనిమిదో నెలలో కడుపు బరువు ముందుకు లాగుతుంది. ఊరికే నిటారుగా నిలబడాలన్నా నడుము లోపలికి వంగి ఆ బరువును కాచుకోవాలి. అలాంటి మనిషి గంటల తరబడి ముందుకు వంగితే భారమంతా నడుము కింది పూసల మీద పడుతుంది. కడుపు పైకి నొక్కుకుని ఊపిరి నిండుగా ఆడదు. పైన ఎండ, కింద నీళ్లు. మూత్రానికి పోవడానికి చాటు దొరకదని దాహమైనా నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకోవడం పొలం పనికి పోయే ఆడవాళ్లందరికీ తెలిసిన బాధ. గర్భిణికి అది రెట్టింపు.

పొలం పని రోజులో ఒక భాగమే. తెల్లారకముందే బాయి నుంచి నీళ్లు తేవాలి. జొన్నలు విసరాలి, వడ్లు దంచాలి. బియ్యం మిల్లులు ఊళ్లలోకి చొరబడుతున్న కాలంలో, 1958లో, కేంద్రం బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చింది. చేతి దంపుడు మీద బతికేవాళ్లను కాపాడాలన్న ఆలోచన కూడా దాని వెనక ఉంది. రోకటి పోటు అప్పటికింకా ఇంటింటి పనే అన్నమాట. విసిరితే, వంగి ఇల్లూడిస్తే కాన్పు సులువవుతుందని ఇంటి పెద్దవాళ్లు తొమ్మిదో నెల దాకా ఆ పనులు చెప్పేవాళ్లు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఇంట్లో కూర్చుని తినే కోడలికి పనికొచ్చే ఆ సలహా, అప్పటికే పది గంటలు మడిలో వంగి వచ్చిన కూలి మనిషికి ఏం పనికొస్తుంది?

గడి నీడలో

నిజాం రాజ్యంలో తెలంగాణ పల్లెలు మోసిన వెట్టి గురించి చాలా రాశారు. వెట్టి అనగానే మోతలు మోసే మగవాళ్లు, బండ్లు కట్టే రైతులు గుర్తొస్తారు. దొర పొలంలో నాటుకు, కోతకు, అతని కోటలాంటి ఇల్లయిన గడిలో దంపుడుకు పిలుపొస్తే పోవాల్సింది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ పిలుపుకు నెలలు నిండాయా, కాన్పయి ఎన్నాళ్లయింది అన్న లెక్క లేదు.

తెలంగాణ సాయుధ పోరాట కాలపు జ్ఞాపకాల్లో విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకా గురించి పదేపదే వినిపించే సంగతి ఒకటుంది. కాన్పయి మూడు రోజులైనా కాకముందే బాలింతల్ని నాట్లకు రప్పించేవాళ్లు. పసిబిడ్డకు పాలిచ్చి వస్తామని అడిగితే, నిజంగా పాలున్నాయో లేదో పిండి చూపించమనేవాళ్లు. తెలంగాణ పల్లెలు ఎన్నో దెబ్బలు మర్చిపోయాయి కానీ దీన్ని మర్చిపోలేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన ఆ పోరాటంలో ఆడవాళ్లు అంత పెద్ద సంఖ్యలో ఎందుకు నిలబడ్డారో తెలియాలంటే భూమి లెక్కలతో పాటు ఈ సంగతీ తెలియాలి. స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ పోరాటపు ఆడవాళ్లు తమ గొంతుతో తాము మాట్లాడారు. దళాల్లో తిరుగుతూ కడుపు మోసినవాళ్లు, అడవిలో కన్నవాళ్లు, పసివాళ్లను వదులుకోవాల్సి వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

గడీలు కూలాయి. జీతం మిగిలింది. అప్పు కింద మగవాడు దొర దగ్గర జీతానికి కుదిరితే, అతని ఇల్లాలి శ్రమ కూడా ఆ అప్పులో కలిసిపోయేది. పశువుల కొట్టం ఊడవడం, పేడ ఎత్తడం ఆమెవే. వీటికి కూలి అన్న మాటే లేదు.

ఇరవై ఒకటో రోజు

ఇదే నేల మీద ఇంకో ఆచారమూ ఉంది. అది ఆడవాళ్లను ఆపింది, కూర్చోబెట్టింది, వేడినీళ్లు పోసింది. తొలి కాన్పుకు అమ్మాయిని తల్లిగారింటికి తోలుకుపోతారు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఒడి నింపి, గాజులు తొడిగి పంపుతారు. అక్కడ ఆమెకు నీళ్ల బిందె ముట్టే పని లేదు. కాన్పు మంత్రసాని చేతుల మీద. ఆమె పడుకోబెట్టదు. నడిపిస్తుంది, గొంతుక్కూచోబెడుతుంది, దూలానికి కట్టిన తాడో గుంజో పట్టుకోమంటుంది. నడిచే మనిషికి బిడ్డ బరువే దారి చూపిస్తుందని ఆమెకు అనుభవం నేర్పింది.

కాన్పయ్యాక పచ్చి బాలింతకు పథ్యం మొదలవుతుంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు గట్టిగా బిగించిన పాత చీర. మంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ. నువ్వుల నూనెతోనో ఆముదంతోనో ఒళ్లంతా రుద్ది కాగే నీళ్లు పోయడం మంత్రసానికో అమ్మమ్మకో తెలిసిన విద్య. వెల్లుల్లి, వాము, శొంఠి వేసిన కారాలతో అన్నం. ఇందులో మేలూ ఉంది, కీడూ ఉంది. ఒళ్లు పట్టడం, విశ్రాంతి, ఇంటి పని నుంచి విడుదల మేలు. కూరలు మాన్పించడం, పొట్ట పెరుగుతుందని నీళ్లు తాగనివ్వకపోవడం, గాలి చొరని గదిలో పొగ పెట్టడం కీడు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. ఆ దాహాన్ని ఆపడం ఆమెను ఎండగట్టడమే.

ఆయుర్వేద గ్రంథాల్లోనూ ఇలాంటి జాగ్రత్తలే కనిపిస్తాయి. సుశ్రుత సంహిత గర్భిణిని అతి శ్రమకు, బండి ప్రయాణాలకు, గొంతుక్కూచోవడానికి దూరంగా ఉండమంటుంది. కాన్పయ్యాక నెలన్నర పాటు ప్రత్యేక ఆహార విహారాలు చెబుతుంది. ఆ పాఠం ఎవరి కోసమో కొంచెం ఆలోచిస్తే తెలిసిపోతుంది. గొంతుక్కూచోకుండా కలుపు తీసేదెవరు?

చాలా తెలుగు ఇళ్లలో ఇరవై ఒకటో రోజో, అంతకు కాస్త అటూ ఇటూగానో బాయి పూజ జరుగుతుంది. బాలింతకు తలంటి పోసి, కొత్త చీర కట్టించి, బిడ్డను పెద్దవాళ్ల చేతిలో పెట్టి ఆమెను బాయి కాడికి తీసుకుపోతారు. గట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దీపం వెలిగిస్తారు. నానబెట్టిన శనగలు ఇరుగుపొరుగుకు పంచుతారు. ఆ తర్వాత ఆమె చేత చేద వేయించి నీళ్లు తోడిస్తారు. కాన్పు తర్వాత ఆమె చేసే మొదటి బరువు పని అది. ఆ రోజు నుంచి ఆమె మళ్లీ ఇంటి పని మనిషి. మైల విడవడం, పనిలోకి రావడం ఒక్క క్రతువులోనే జరిగిపోతాయి. బావులు పూడిపోయిన ఊళ్లలో ఇప్పుడు ఈ పూజ బోరింగు దగ్గరో నల్లా దగ్గరో చేస్తున్నారు.

భూమి ఉన్న ఇంట్లో చేద వేయడం క్రతువుగా మొదలై క్రమంగా పనిగా మారేది. తల్లిగారింట్లో మూడు నెలలో అయిదు నెలలో ఉండి వచ్చేవాళ్లూ ఉన్నారు. కూలి ఇంట్లో అలా కాదు. తల్లిగారికీ తిండికి తడుముకోవాల్సిందే. రెండో కాన్పు, మూడో కాన్పు అత్తగారింట్లోనే. నాట్ల కాలం వస్తే ఇరవై ఒకటో రోజు కోసం ఆగే పనిలేదు. గట్టు మీది చెట్టు కొమ్మకు చీరతో తొట్టెల కట్టి బిడ్డను పడుకోబెట్టి మడిలో దిగడమే.

కాన్పయిన కొత్తలో గర్భసంచిని పట్టి ఉంచే కండరాలు, స్నాయువులు వదులుగా ఉంటాయి. నీళ్ల బిందెలు, గడ్డి మోపులు, కట్టెల మోపులు అప్పుడే ఎత్తితే గర్భసంచి జారే ముప్పు ఎక్కువ. ఆ బాధ చెప్పుకోలేక ఏళ్ల తరబడి ఓర్చుకుని, చివరికి ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు తెలుగు పల్లెల్లో లెక్కలేనంత మంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోనే ఎక్కువగా ఉన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. దానికి కారణాలు అనేకం. అనవసరంగా కోసిన ఆస్పత్రుల పాత్ర అందులో పెద్దది. ఆస్పత్రి గడప దాకా ఆ ఆడవాళ్లను నెట్టిన కారణాల్లో బాలింత బరువులూ ఉన్నాయి.

పడవల మీది ఆడవాళ్లు

పని చేసే ఆడవాళ్లకు కాన్పు సులువన్న మాటను శాస్త్రంగా పరిశీలించినవాళ్లలో కశ్మీర్‌లో పనిచేసిన బ్రిటిష్ వైద్యురాలు కాథ్లీన్ వాన్ ఒకరు. పరదా చాటున, వెలుతురు సోకని గదుల్లో బతికే ఆడవాళ్లకు ఎముకలు మెత్తబడి, కటి వలయం ముడుచుకుపోయి కాన్పు ప్రాణాంతకమవుతోందని ఆమె గమనించారు. అదే కశ్మీర్‌లో పడవలు నడుపుకుంటూ ఎండలో బతికే ఆడవాళ్లకు ఆ కష్టం లేదు. 1928లో పరదా పద్ధతి మాతృత్వం మీద చూపే ప్రభావం గురించి పుస్తకం రాశారు. తర్వాత ఇంగ్లండ్‌లో కాన్పుకు ముందు చేయాల్సిన వ్యాయామాలను ప్రచారం చేశారు. ఇవాళ పట్టణాల్లో నడిచే గర్భిణుల వ్యాయామ తరగతుల వెనక అలా పనిచేసుకు బతికే మన దేశపు ఆడవాళ్ల నుంచి నేర్చుకున్న పాఠమూ ఉంది.

ఆ పాఠం సగమే. పడవ నడిపే మనిషి తెడ్డు పక్కన పెట్టి సేద తీరగలదు. మునుంలో ఉన్న మనిషికి ఆ వీలు లేదు. మిగతా సగం పుణె దగ్గరి పల్లెల నుంచి వచ్చింది. అక్కడ గర్భిణుల తిండినీ పనినీ వరుసగా నమోదు చేసిన పరిశోధకులు 2003లో ఫలితాలు ప్రకటించారు. అరకొర తిండితో పొలం పని, నీళ్ల మోత లాంటి బరువు పనులు ఎక్కువగా చేసిన తల్లులకు పుట్టిన బిడ్డలు చిన్నగా ఉన్నారు. కదలిక మేలు చేయాలంటే కడుపు నిండాలి, ఒళ్లు సేద తీరాలి. అవి లేనప్పుడు పని చేసే కండకూ పెరిగే బిడ్డకూ మధ్య పోటీ మొదలవుతుంది.

ఎనభైల దశాబ్దం

ఇబ్రహీంపట్నం చరిత్రలో 1980లు ప్రత్యేకమైన కాలం. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన గీతా రామస్వామి ఆ దశాబ్దం మధ్యలో ఈ తాలూకా దళిత వాడల్లోకి వచ్చారు. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం అలా నిలబడింది. జీతగాళ్ల విడుదల, కనీస కూలి, భూమి మీద హక్కు ఆ సంఘం డిమాండ్లు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చినా, దాన్ని ఊళ్లలో అమలు చేయించడానికి ఇలాంటి సంఘాలు పుట్టాల్సి వచ్చింది. ఆ ఏళ్ల కథను ఆమె 2022లో ‘ల్యాండ్, గన్స్, క్యాస్ట్, వుమన్’ అనే ఆత్మకథలో రాశారు. కూలి పెరగడం, జీతం పోవడం మాతృత్వం లెక్కల్లోకి ఎక్కవు. కానీ ఒక్క రోజు పని మానితే పొయ్యి వెలగని ఇంట్లో గర్భిణికి విశ్రాంతి రావాలంటే మొదట మారాల్సింది అవే.

అదే దశాబ్దంలో అదే జిల్లాలో మరో ప్రయత్నం జరిగింది. కూనూరులో పుట్టి 1950ల చివర్లో హైదరాబాద్‌కు తరలిన జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా రంగారెడ్డి జిల్లాలోని 29 పల్లెల్లో ఒక అధ్యయనం నడిపింది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ అదనపు తిండి అందుబాటులో పెట్టారు. గర్భిణి భాగం సుమారు 500 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. దాంతో పాటు టీకాలు, రక్తహీనతకు మందులు. మిగతా 14 పల్లెలకు ఆ కార్యక్రమం అప్పటికింకా రాలేదు.

ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. 2008లో ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. తిండి అందిన పల్లెల పిల్లలు మిగతావాళ్ల కంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది, రక్తనాళాల బిరుసుదనం తక్కువగా ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో దక్కిన పిడికెడు తిండి పదిహేనేళ్ల తర్వాత కూడా ఒంట్లో కనిపించింది. ఆ అధ్యయనం ఇవాళ్టికీ ప్రపంచవ్యాప్తంగా ప్రస్తావనకు వస్తుంది. అందులో పాల్గొన్నది రంగారెడ్డి జిల్లా పల్లె తల్లులు.

ఇక్కడొక లెక్క గుర్తుంచుకోవాలి. గర్భిణికి రోజూ 350 కేలరీలు అదనంగా కావాలని పోషకాహార సంస్థ చెబుతుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600, ఆ తర్వాతి ఆరు నెలలు 520. అంటే కడుపుతో ఉన్నప్పటి కంటే బిడ్డ పుట్టాకే తల్లికి తిండి ఎక్కువ కావాలి. కూలి ఇంటి తల్లి మళ్లీ మడిలో దిగేది సరిగ్గా ఆ నెలల్లోనే.

ఆ సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి తదితరుల కృషితో 1990ల ఆరంభంలో ‘సవాలక్ష సందేహాలు’ అనే తెలుగు పుస్తకం వచ్చింది. ఆడవాళ్ల ఒంటి గురించి ఆడవాళ్లకే అర్థమయ్యే మాటల్లో చెప్పిన పుస్తకం అది. గర్భం, కాన్పు, పథ్యం, పని బరువు, ఆపరేషన్లు అన్నిటినీ ఆడవాళ్లు బతికే పరిస్థితుల్లోంచి చూసింది. ఊళ్లో కూలి పోరాటం, పట్నంలో పోషకాహార పరిశోధన, స్త్రీల ఉద్యమం ఒకదాన్నొకటి తాకిన కాలం అది. ఆ కలయిక హైదరాబాద్ చుట్టుపక్కల జరగడం తెలుగు ఆడవాళ్లకు దక్కిన అదృష్టం.

తల్లి పనికి పోతే పసివాణ్ని చూసేదెవరన్న ప్రశ్నకు ఊళ్లు ఇచ్చుకున్న జవాబు అక్క. ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల చంకన తమ్ముణ్నేసుకుని బడికి దూరమయ్యేది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో ఇదే రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి పంపే ఉద్యమం మొదలుపెట్టింది. పిల్లలెత్తుకునే పిల్లలనూ పనివాళ్లుగానే లెక్కించింది. బాలింత శ్రమ బరువు ఎంత దూరం పాకుతుందో ఆ లెక్క బయటపెట్టింది.

యంత్రాలు, చట్టాలు, కిట్లు

ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో ఇంటి పనిలోని బరువులు ఒక్కొక్కటే దిగిపోయాయి. మిల్లు రోకలిని మూలన పెట్టింది. మిక్సీ రోలును బయటికి గెంటింది. బోర్లు, 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు చేదను, బిందె మోతను తగ్గించాయి. గ్యాస్ పొయ్యి కట్టెల మోపును దించింది. ఇవన్నీ ఆడవాళ్ల నడుములకు దక్కిన విముక్తి. రోకలి, రోలు ఉన్న పాత రోజుల్నే మంచి రోజులనుకుని, రోలు మళ్లీ తెమ్మని గర్భిణులకు చెప్పేవాళ్లు ఒక్కసారి విసుర్రాయి ముందు గంటసేపు కూర్చుని చూడాలి.

చట్టాలు మాత్రం కూలి తల్లి దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. కాన్పయ్యాక ఆరు వారాలు ఆమె చేత పని చేయించడాన్ని నిషేధించింది. 2017 సవరణ మొదటి రెండు కాన్పులకు సెలవును 26 వారాలకు పెంచింది. ఇదంతా ఫ్యాక్టరీలకు, పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు. నాట్లేసే మనిషికి ఏ యజమాని సంతకం పెడతాడు?

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి దశ జిల్లాల్లో రంగారెడ్డి కూడా ఉంది. పని దగ్గర నీడ, తాగునీరు ఉండాలని ఆ చట్టం చెప్పింది. ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని చెప్పింది. పొలం గట్టు మీది తొట్టెలకు ప్రభుత్వ కాగితంలో చోటు దొరకడం ఈ ప్రాంతపు కూలి తల్లులకు కొత్త సంగతి. అమలులో ఎన్ని లోపాలున్నా, పసిబిడ్డ తల్లి కూడా కూలీయేనన్న సత్యాన్ని అది ఒప్పుకుంది.

తెలంగాణ వచ్చాక 2015 జనవరి 1న ఆరోగ్య లక్ష్మి మొదలైంది. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీకి నడిచి వచ్చి అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే తినాలి, తాగాలి. ఇంటికి తీసుకుపోతే ఆ గుడ్డు ఎవరి కంచంలో పడుతుందో అందరికీ తెలుసు. 2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం ప్రభుత్వాస్పత్రిలో కనే తల్లికి విడతలుగా 12 వేల రూపాయలు, ఆడపిల్ల పుడితే 13 వేలు ప్రకటించింది. గర్భిణి పనికి పోలేక పోగొట్టుకునే కూలికి బదులుగా ఆ డబ్బు అని ప్రభుత్వమే చెప్పింది. నడుము వంచకుండా ఉండటానికి కూలి ఇవ్వాలన్న ఆలోచన ఇక్కడి పల్లెల్లోకి అలా వచ్చింది.

ఇంత జరిగినా రక్తం పలచగానే ఉంది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తం లేని ఒంటికి మెట్లెక్కడమూ వ్యాయామమే.

2022 ఆగస్టు

ఇబ్రహీంపట్నం పేరు 2022లో దేశమంతా వినపడింది. ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వాస్పత్రిలో 34 మంది మహిళలకు ల్యాప్రోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో వాళ్లలో నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్నవయసు తల్లులు.

ఆ మరణాలను తల్లుల శ్రమ చరిత్ర నుంచి విడదీసి చూడలేం. చిన్న గాటు, అదే రోజు ఇంటికి, తొందరగా మళ్లీ పనికి: ఈ పద్ధతికి ఉన్న ఆకర్షణ ఇదే. ఎక్కువ రోజులు మంచం మీద ఉండే వీలు లేని తల్లి, ఒక్క రోజులో ఎక్కువ ఆపరేషన్లు పూర్తి చేసే క్యాంపు. ఈ రెండు తొందరలూ కలిసే చోట జాగ్రత్త ఒక్క అంగుళం జారినా ప్రాణం పోతుంది. మగవాళ్లకు చేసే ఆపరేషన్ ఇంతకంటే తేలిక. అయినా ‘మా ఆయన బరువు పని చేయాలి’ అని భార్యలే ముందుకొస్తారు. నాట్లు, కలుపు, ఇటుకల మోత బరువు పనులుగా ఎవరి లెక్కలోకీ రావు.

ఆదిభట్ల రోడ్డు

ఇవాళ ఇబ్రహీంపట్నం మండలం రూపం మారిపోయింది. ఆదిభట్లలో టీసీఎస్ ప్రాంగణం, టాటా విమాన విడిభాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. జొన్న పండిన చెల్కల్లో ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. నాట్లేసిన అమ్మమ్మకు మనవరాలు కంప్యూటర్ ముందు రోజుకు తొమ్మిది గంటలు కూర్చుంటోంది. ఆమెకు నడుము నొప్పి వంగడం వల్ల రావడం లేదు, కూర్చోవడం వల్ల వస్తోంది. ఇంట్లో మాత్రం పెద్దవాళ్ల సలహా మారలేదు: కడుపుతో ఉన్నావు, మెట్లెక్కకు, ఇద్దరి కోసం తిను.

శాస్త్రం ఈలోగా చాలా దూరం వచ్చింది. అమెరికా వైద్యులు 1985 నాటి 140 హద్దును 1994లోనే వదిలేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో గర్భిణులకు, బాలింతలకు విడిగా సూచనలు ఇచ్చింది: ఇతర సమస్యలు లేకపోతే వారానికి కనీసం 150 నిమిషాలు మాట్లాడుతూ చేయగలిగినంత శ్రమ. వడివడి నడక దానికి చాలు. గర్భంతో వచ్చే మధుమేహం, అవసరానికి మించి బరువు పెరగడం దాంతో తగ్గుతాయి. కాన్పు తర్వాతి దిగులును కూడా ఈ నడక తేలిక చేస్తుంది. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తల తిరగడం, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం కనిపిస్తే ఆగి ఆస్పత్రికి పోవాలి.

కాన్పు గదిలో కూడా కదలిక కోసం పోరాటం సాగుతోంది. 2019-20 సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే. వాటిలో నూటికి 60 మించి కడుపు కోసి తీసినవే. దేశంలో ఇదే ఎక్కువ. 1948లో హైదరాబాద్‌లో మొదలైన ఫెర్నాండెజ్ ఆస్పత్రి, రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇస్తున్నాయి. నొప్పుల్లో నడిపించడం, గొంతుక్కూచోబెట్టడం, పెద్ద బంతి మీద కూర్చోబెట్టి ఊగించడం ఆ శిక్షణలో భాగం. మంత్రసాని చేతిలో ఉన్న పాత విద్యలో పనికొచ్చే భాగం శుభ్రతనూ చదువునూ తోడు తెచ్చుకుని తిరిగొచ్చింది.

ఆదిభట్ల మేడలు కట్టే చోట ఇసుక తట్ట మోసే గర్భిణి మాత్రం అమ్మమ్మ కాలంలోనే ఉంది. జిల్లాలోని ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన బాలింతలు పనిచేస్తారు. వాళ్లకు ఇక్కడ తల్లిగారిల్లు లేదు, ఊరి అంగన్‌వాడీ రిజిస్టరులో చాలాసార్లు పేరూ ఉండదు. ఒకే రోడ్డుకు ఒక పక్క రోజూ అరగంట నడవాల్సిన తల్లి, ఇంకో పక్క రోజూ రెండు గంటలు కూర్చోవాల్సిన తల్లి. ఇద్దరికీ ఒకే పోస్టరు చూపించి పంపితే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

అందుకే ఇబ్రహీంపట్నంలో గర్భిణిని చూసే డాక్టరైనా, ఏఎన్ఎం అయినా, ఆశా కార్యకర్త అయినా సలహాకు ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి. రోజంతా ఏం పని చేస్తున్నావమ్మా? ఏం తింటున్నావు? కాన్పయ్యాక ఎన్నో రోజున మళ్లీ పనికి పోవాలి? కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి నడక రాసివ్వొచ్చు. తట్ట మోసే మనిషికి గుడ్డు, పాలు, ఐరన్ మాత్రలు, పని మానిన రోజులకు కూలి అందేలా చూడాలి. ఆ కూలి చేతికి సమయానికి రాకపోతే ఆమె ఏ సలహా విన్నా మర్నాడు పనిలోకే పోతుంది.